ఘాట్ ఎక్కే పాత మారుతికి ఏ క్యామ్ షాఫ్ట్ వేయించాలి?

ఒడిశాలో జయపురం, కొరాపుట్ వైపు ఉండి విజయనగరానికి సొంత కారులో వెళ్లివచ్చే మనవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. తిరుగు ప్రయాణంలో సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తాం. బండి కార్బ్యురేటర్ మారుతి 800 అయి, లోపల నలుగురు మనుషులు, డిక్కీలో ఒక బియ్యం బస్తా ఉంటే థర్డ్ గేరు అస్సలు లాగదు. సెకండ్‌లో ఉంచితే ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. ఓమ్నీదీ అదే ఇంజన్, అదే కథ. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే ఎవరో ఒకరు అంటారు: "క్యామ్ మార్పించెయ్, పికప్ వస్తుంది."

క్యామ్ షాఫ్ట్ అంటే ఇంజన్‌లో వాల్వులను తెరిపించే ఇరుసు. ఆ మాటలో నిజం ఉంది. కానీ క్యామ్ షాఫ్టుల్లో ఘాట్ ఎక్కించేవి ఉన్నాయి, అదే ఘాట్ మధ్యలో బండిని ఆపేసేవీ ఉన్నాయి. నేను రెండు రకాలూ వాడాను. అందుకే డబ్బు పెట్టేముందు ఇది చదవమంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన దారులకు, మన బరువులకు ఒరిజినల్ ప్రొఫైల్ (కంపెనీ ఇచ్చిన ఆకారం) ఉన్న మంచి క్యామ్ వేసి, దాన్ని డిగ్రీలు కొలిచి కూర్చోబెట్టడమే అన్నిటికన్నా మేలు. దానికి మించి ఏం చేయాలన్నా కారణం గట్టిగా ఉండాలి.

క్యామ్ ఏం మారుస్తుంది?

పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్. అది రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. క్యామ్ మీద గుడ్డు ఆకారంలో ఉండే లోబ్‌లు రాకర్ ఆర్మ్‌లను లేపితే వాల్వులు తెరుచుకుంటాయి. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందో అది లిఫ్ట్. క్రాంక్ డిగ్రీల లెక్కలో ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో అది డ్యూరేషన్. పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే గాలి తెచ్చే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటుంది కదా, ఆ రెండూ కలిసి తెరిచి ఉండే కొద్ది సమయమే ఓవర్‌ల్యాప్.

మన 800కి సైజులో దగ్గరగా ఉండే ఒక పాత ఇంజన్ ఉదాహరణగా చెబుతాను. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారుది 848 సీసీ ఇంజన్, 34 బీహెచ్‌పీ. దాని ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ పైకి చేరడానికి 5 డిగ్రీల ముందు తెరుచుకుని, కింద నుంచి మళ్లీ పైకి బయల్దేరాక 45 డిగ్రీలకు మూసుకునేది. మధ్యలో ఉన్న 180 కలిపితే డ్యూరేషన్ 230. 1961లో అదే కంపెనీ మినీ కూపర్ తెచ్చినప్పుడు ఆ అంకెలను 16, 56 చేసింది. డ్యూరేషన్ 252 అయింది. ఓవర్‌ల్యాప్ 15 డిగ్రీల నుంచి 37కి పెరిగింది. శక్తి 55 బీహెచ్‌పీకి చేరింది, అదీ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. అయితే అది ఒక్క క్యామ్ వల్ల వచ్చింది కాదు. ఇంజన్‌ను 997 సీసీ చేశారు, రెండు కార్బ్యురేటర్లు పెట్టారు, కంప్రెషన్ పెంచారు. తయారు చేసిన కంపెనీయే ఇన్ని మార్పులు కలిపి చేసిందంటే, మనం ఒక్క క్యామ్ మార్చి అంత ఫలితం ఆశించడం న్యాయం కాదు.

ఈ అంకెల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇన్‌లెట్ మూసుకునే క్షణం. ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలికి ఊపు ఉంటుంది. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా గాలి ఇంకా లోపలికే వస్తుంది. కాబట్టి ఆలస్యంగా మూస్తే లాభం. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ ఊపు ఉండదు. ఆలస్యంగా మూస్తే పిస్టన్ ఆ గాలిని తిరిగి మానిఫోల్డ్‌లోకే (కార్బ్యురేటర్ నుంచి గాలి తెచ్చే గొట్టంలోకే) నెట్టేస్తుంది. కార్బ్యురేటర్ బండిలో దీనివల్ల ఇంకో నష్టం ఉంది. వెనక్కి తన్నిన గాలి కార్బ్యురేటర్ దాకా వెళ్లి మళ్లీ లోపలికి వస్తుంది. దాటిన ప్రతిసారీ జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) నుంచి పెట్రోలు లాక్కుంటుంది. అందుకే పెద్ద క్యామ్ వేసిన బండి కింద ఆర్‌పీఎంలలో దగ్గుతుంది, పెట్రోలు వాసన కొడుతుంది.

ఇప్పుడు మన ఇంజన్ సంగతి. కంపెనీ లెక్క ప్రకారం 796 సీసీ మారుతి 800 గరిష్ఠ శక్తి 37 బీహెచ్‌పీ, 5000 ఆర్‌పీఎం దగ్గర. గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 59 న్యూటన్ మీటర్లు, అది 2500 దగ్గరే వస్తుంది. లారీ వెనక సెకండ్ గేరులో 20 కిలోమీటర్ల వేగంతో ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ సుమారు 2000 మీద తిరుగుతుంది. 30లో అయితే సుమారు 3000. అంటే మనకు పని పడే చోటే ఈ ఇంజన్‌కు బలం ఉంది. డ్యూరేషన్ పెంచితే ఆ బలాన్ని అక్కణ్నుంచి తీసి 4000 పైకి పంపినట్టే.

నా బండిలో జరిగింది

నాది కార్బ్యురేటర్ 800. కోస్తా వైపు ఒక వర్క్‌షాపులో పాత క్యామ్‌ను "ర్యాలీ గ్రైండింగ్" చేసి ఇచ్చారు. ఎన్ని డిగ్రీలు అని అడిగితే సరైన జవాబు లేదు, కాగితం ఇవ్వలేదు. విజయనగరం నుంచి గజపతినగరం వైపు మైదానంలో బండి చాలా బాగా వెళ్లింది. 4000 దాటాక నిజంగానే వేరే ఇంజన్‌లా లాగింది. నేను సంబరపడ్డాను.

సాలూరు దాటాక ఘాట్‌లో ముందు బరువు లారీ, పక్కకు వెళ్లే వీలు లేదు. సెకండ్‌లో 2000 దగ్గర ఇంజన్‌లో ప్రాణం లేదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ దగ్గుతోంది. ఫస్ట్‌లో వేసి, మలుపు మలుపుకీ హాఫ్ క్లచ్ మీద ఎక్కించాను. పొట్టంగి చేరేలోపే క్లచ్ ప్లేటు కాలిన వాసన. బండిలో మా అమ్మ, పిల్లలు ఉన్నారు, చీకటి పడుతోంది. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

తర్వాత సునాబెడాలో ఒక పెద్దాయన దగ్గరికి ఆ క్యామ్ తీసుకెళ్లాను. అక్కడ హెచ్‌ఏఎల్ విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ ఉండటం వల్ల కొలతల పని తెలిసినవాళ్లు దొరుకుతారు. ఆయన నేను చెప్పేది పూర్తిగా వినకముందే, "బండి ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో తిరుగుతుంది బాబూ?" అని అడిగారు. గ్రైండింగ్ చేసినవాళ్లు అడగని ప్రశ్న అది. డయల్ గేజ్ పెట్టి చూస్తే ఇన్‌లెట్ డ్యూరేషన్ 276 వచ్చింది. మూడో సిలిండర్ లోబ్ మిగతా రెండిటికన్నా 4 డిగ్రీలు వెనక ఉంది. క్యామ్ ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రోజు నాకు అర్థమైంది.

ఒరిజినల్ క్యామ్, కొలిచి వేయడం

చాలా బండ్లలో పికప్ పోవడానికి కారణం క్యామ్ చిన్నది కావడం కాదు, అరిగిపోవడం. ఆయిల్ సమయానికి మార్చని బండిలో లోబ్ ముక్కు, రాకర్ ఆర్మ్ ప్యాడ్ రెండూ అరుగుతాయి. మైక్రోమీటర్‌తో ఆరు లోబ్‌ల ఎత్తూ కొలవమనండి. ఇన్‌లెట్ మూడూ ఒకలా, ఎగ్జాస్ట్ మూడూ ఒకలా ఉండాలి. ఒకటి తగ్గితే ఆ సిలిండర్ సగం ఊపిరితో పనిచేస్తున్నట్టే. ట్యాపెట్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు) ఎంత సర్ది చూసినా ఆ లోటు తీరదు.

కొత్త ఒరిజినల్ క్యామ్, దానితోపాటు కొత్త రాకర్ ఆర్మ్‌లు వేయించిన బండిని నడిపితే చాలామంది "ఏదో స్పెషల్ క్యామ్ వేశారా" అని అడుగుతారు. అంత తేడా తెలుస్తుంది. పైగా కార్బ్యురేటర్ జెట్లు మార్చక్కర్లేదు, స్ప్రింగులు మార్చక్కర్లేదు, మైలేజీ తగ్గదు.

పాత ఇనుము దుకాణంలో దొరికే సెకండ్ హ్యాండ్ క్యామ్ గురించి ఒక మాట. అది తీసుకోవచ్చు, కానీ దాని సొంత రాకర్లతో సహా, ఏ రాకర్ ఏ లోబ్ మీదదో గుర్తు పెట్టి తీసుకోవాలి. ఒక క్యామ్ మీద అరిగిన ప్యాడ్‌ను ఇంకో క్యామ్ మీద పెడితే రెండూ పాడవుతాయి. కొత్త క్యామ్ మీద పాత రాకర్లు వేయడమూ అంతే. మన మెకానిక్‌లు చాలామంది డబ్బు మిగులుతుందని ఇది చేస్తారు. దయచేసి ఒప్పుకోకండి.

అదే క్యామ్, నాలుగు డిగ్రీలు ముందుకు

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్గం ఇది. దీని గురించి ఎక్కువమందికి తెలియదు.

క్యామ్‌ను మార్చకుండా, క్రాంక్‌తో పోలిస్తే దాన్ని కొద్దిగా ముందుకు జరిపితే ఇన్‌లెట్ త్వరగా మూసుకుంటుంది. కింద ఆర్‌పీఎంలో గాలి వెనక్కి తన్నడం తగ్గుతుంది, సిలిండర్ బాగా నిండుతుంది. పైన కొంత పోతుంది. కానీ మనం 5000 మీద ఎప్పుడు నడుపుతాం? ఘాట్ బండికి క్రాంక్ లెక్కలో 2 నుంచి 4 డిగ్రీల అడ్వాన్స్ చాలు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు క్యామ్‌ను తిప్పే టైమింగ్ బెల్ట్‌ను ఒక పన్ను జరపడం. క్యామ్ పుల్లీకి 40 పళ్లు ఉన్నాయనుకోండి. ఒక పన్ను అంటే క్యామ్ మీద 9 డిగ్రీలు, క్రాంక్ మీద 18. అది ట్యూనింగ్ కాదు, తప్పు టైమింగ్. నాలుగు డిగ్రీలు జరపాలంటే ఆఫ్‌సెట్ కీ గానీ పిన్ గానీ చేయించాలి, లేదా పుల్లీని సర్దుకునేలా మార్చాలి. డిగ్రీల చక్రం, డయల్ గేజ్ రెండూ ఉన్నవాళ్ల దగ్గరే చేయించాలి.

ఇంకో సంగతి. మారుతిలో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్ షాఫ్టే. క్యామ్‌ను నాలుగు డిగ్రీలు జరిపితే ఇగ్నిషన్ టైమింగ్ కూడా దానితో నాలుగు డిగ్రీలు జరుగుతుంది. టైమింగ్ లైట్ పెట్టి దాన్ని మళ్లీ వెనక్కి తేకపోతే ఎక్కుడులో నాకింగ్ కొడుతుంది.

హెడ్‌కు (క్యామ్ ఉండే ఇంజన్ పై భాగానికి) రెండు మూడు సార్లు ఫేసింగ్, అంటే అడుగు చదును చేయడానికి అరగదీయడం, చేయించిన బండి అయితే ఈ పని ఇంకా అవసరం. ఫేసింగ్ చేసిన ప్రతిసారీ హెడ్ కిందికి దిగుతుంది, క్యామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది, క్యామ్ టైమింగ్ కొంచెం వెనకబడుతుంది. అర మిల్లీమీటరు తీస్తే సుమారు ఒక క్రాంక్ డిగ్రీ. చిన్నదే, కానీ మనకు కావలసిన దిశకు వ్యతిరేకంగా జరుగుతుంది.

కొద్దిగా పెంచిన క్యామ్ ఎవరికి?

ఒరిజినల్ కన్నా 10, 15 డిగ్రీలు ఎక్కువ డ్యూరేషన్, కాస్త ఎక్కువ లిఫ్ట్ ఉన్న క్యామ్ ఒక రకం. రాయగడ నుంచి పర్లాకిమిడి, శ్రీకాకుళం వైపు ఎక్కువగా తిరుగుతూ, బండిలో ఒకరిద్దరే ఉండేవాళ్లకు ఇది సరిపోవచ్చు. 2500 నుంచి 5500 దాకా ఇంజన్ హుషారుగా ఉంటుంది. ఐడ్లింగ్ కొంచెం పెంచి పెట్టుకోవాలి.

లిఫ్ట్ విషయంలో ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి. వాల్వు తల వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి, దాని చుట్టూ తెరుచుకున్న జాగా వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. అక్కణ్నుంచి ఇంకా లేపినా లాభం తక్కువ, అరుగుదల ఎక్కువ.

ఈ క్యామ్‌లు మన దగ్గర ఎక్కువగా రీగ్రైండ్ (పాత క్యామ్‌నే మళ్లీ అరగదీసింది) రూపంలోనే దొరుకుతాయి. రీగ్రైండ్‌లో లోబ్ ముక్కును పెద్దది చేయలేరు. అడుగు వృత్తాన్ని అరగదీస్తారు. అప్పుడు ముక్కుకీ అడుగుకీ తేడా పెరిగి లిఫ్ట్ పెరుగుతుంది. అడుగు తగ్గింది కాబట్టి రాకర్ స్క్రూను ఎక్కువ తిప్పి పెట్టాల్సి వస్తుంది, రాకర్ వాల్వు మీద తాకే చోటు పక్కకు జరుగుతుంది. ఆ తాకిడి వాల్వు కాడ మధ్యలోనే ఉందా అని చూడాలి. పక్కకు పోతే వాల్వు గైడ్ త్వరగా అరుగుతుంది. గ్రైండింగ్ చేసేవాళ్ల దగ్గర మూడు అంకెలు రాయించుకోండి: డ్యూరేషన్ ఎంత, వాల్వు లిఫ్ట్ ఎంత, ఇన్‌లెట్ సెంటర్‌లైన్ (ఇన్‌లెట్ వాల్వు పూర్తిగా లేచే చోటు) ఎన్ని డిగ్రీల దగ్గర. ఆ మూడూ రాసి ఇవ్వనిచోట క్యామ్ ఇవ్వకండి. నేను కట్టిన మూల్యం మీరు కట్టక్కర్లేదు.

పెద్ద డ్యూరేషన్ ఉన్న క్యామ్

270, 280 పైన ఉండే ర్యాలీ, రేస్ క్యామ్‌లను కొండ దారుల బండికి నేను వద్దంటాను. వాటికి కంప్రెషన్ పెంచాలి, గట్టి వాల్వు స్ప్రింగులు కావాలి, ఎగ్జాస్ట్ మార్చాలి, జెట్లన్నీ కొత్తగా చూసుకోవాలి, గేర్ రేషియో కూడా మారితేనే అర్థం. ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకోవడం వల్ల నిజంగా పనిచేసే కంప్రెషన్ పడిపోతుంది. మనం ఉండే ఎత్తులో గాలి ఒత్తిడి మైదానం కన్నా ఇప్పటికే సుమారు పది శాతం తక్కువ. ఈ రెండు నష్టాలూ కలిస్తే చిన్న ఇంజన్ తట్టుకోలేదు. ఓవర్‌ల్యాప్ వల్ల మానిఫోల్డ్ వ్యాక్యూమ్ కూడా తగ్గుతుంది. ఆ వ్యాక్యూమ్‌తోనే పనిచేసే బ్రేక్ బూస్టర్ ఉన్న బండి అయితే దిగుడులో బ్రేక్ గట్టిపడే ప్రమాదం ఉంది. ఎక్కడం సంగతి అలా ఉంచి, సుంకి ఘాట్ దిగేటప్పుడు అది ఎంత భయంకరమో ఊహించుకోండి.

పొల్యూషన్ పరీక్ష మాట కూడా ఉంది. బీఎస్-2 (భారత్ స్టేజ్ కాలుష్య నిబంధనలు)కి ముందు నిబంధనల కింద తయారైన నాలుగు చక్రాల పెట్రోలు బండికి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్‌లు 1500 పీపీఎం దాటకూడదు. ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. అలాంటి బండితో ఆ రెండో అంకె లోపల ఉండటం కష్టం.

అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లకు

ఆ రెండిటి పాత పెట్రోలు ఇంజన్లలోనూ క్యామ్ హెడ్‌లో ఉండదు, బ్లాక్‌లో ఉంటుంది. పుష్ రాడ్లతో వాల్వులను లేపుతుంది. మార్చాలంటే పని చాలా పెద్దది, ట్యాపెట్లు (ఇక్కడ క్యామ్ మీద ఆనే ముక్కలు) కూడా కొత్తవే వేయాలి. ఇంజన్ ఎలాగూ బోర్ పనికి విప్పుతుంటేనే క్యామ్ గురించి ఆలోచించండి. దానికోసమే విప్పడం దండగ.

కార్బ్యురేటర్, ఆపైన బిగింపు

ఏ క్యామ్ వేసినా ముందు కార్బ్యురేటర్ శుభ్రంగా, ఫ్లోట్ లెవెల్ సరిగ్గా ఉండాలి. కార్బ్యురేటర్‌కు ఎత్తు తెలియదు. పల్చటి గాలికి కూడా అంతే పెట్రోలు ఇస్తుంది కాబట్టి, సాలూరులో సరిగ్గా ఉన్న సెట్టింగ్ కొరాపుట్‌లో రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. బండి ఎక్కువగా పైనే తిరిగితే ట్యూనింగ్ పైనే చేయించండి. జయపురం మెకానిక్‌తో జయపురంలోనే. నా బండికి క్యామ్ ఒరిజినల్‌కి మార్చి, ఈ ఎత్తుకు తగ్గట్టు మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించాక ప్లగ్గులు నలుపు పోయి ఇటుక రంగుకు వచ్చాయి.

పెంచిన లిఫ్ట్ క్యామ్ అయితే హెడ్ చివరిగా బిగించేముందు పిస్టన్ మీద పిల్లల ఆటమట్టి పెట్టి, హెడ్‌ను తాత్కాలికంగా కూర్చోబెట్టి, ఇంజన్‌ను స్పానర్‌తో చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ తీసి ఆ మట్టి మందం కొలవాలి. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఇన్‌లెట్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర ఉంటే నిశ్చింత. టైమింగ్ బెల్ట్ కొత్తది వేయండి. క్యామ్ ఆయిల్ సీల్ కూడా. ఎలాగూ చేయి పెట్టాం కదా.

మొదటిసారి స్టార్ట్ చేసే విషయంలో మాత్రం మెకానిక్ పక్కనే నిలబడండి. లోబ్‌లకు, రాకర్ ప్యాడ్‌లకు మాలీ పేస్ట్ (మాలిబ్డినం కలిసిన చిక్కటి గ్రీజు) రాయాలి. ఇగ్నిషన్, పెట్రోలు ముందే సరిచూసుకోవాలి, ఎందుకంటే పదేపదే సెల్ఫ్ కొడుతూ ఉంటే ఆ పేస్ట్ తుడుచుకుపోతుంది. స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, ఇరవై నిమిషాలు అలాగే ఉంచాలి. ఐడ్లింగ్‌కి వదలకూడదు. నెమ్మదిగా తిరిగితే లోబ్‌లకు ఆయిల్ సరిగా అందదు, కొత్త క్యామ్ మొదటి పావుగంటలోనే గీతలు పడుతుంది. మన షెడ్లలో స్టార్ట్ అవగానే ఐడ్లింగ్‌లో పెట్టి టీకి వెళ్లిపోయే అలవాటు ఉంది. ఆ ఒక్కరోజు టీ షెడ్‌కే తెప్పించండి.

ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్‌లో ఉన్న అంకెల ప్రకారం ట్యాపెట్లు ఫీలర్ గేజ్‌తో మళ్లీ పెట్టించండి. పాత సందుకీ కొత్త సందుకీ తేడా ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్క ట్యాపెట్ సందు మాత్రమే పదేపదే పెరుగుతుంటే ఆ లోబ్ అరుగుతోందని అర్థం. ఘాట్ ఎక్కకముందే రాకర్ కవర్ విప్పి చూడండి.